పాతర

సోమవారం సోమవారం పార్సిలాఫీసు కాటా ఎక్కుతాను,
పొద్దుటి బండి పోయి ప్లాట్‌ఫారం సద్దుమణిగినాక,
చెప్పులిడిచి, గాజులు తీసి,
సెల్‌ఫోను మద్దిలేటి చేతికిచ్చి.

డెబ్బై ఎనిమిదిన్నర.
పోయిన వారమూ డెబ్బై ఎనిమిదిన్నరే.
ఆరు వారాలైంది,
గుంతకల్లు ఔటర్లో సిగ్నలు దొరకని గూడ్సు మాదిరి
ముల్లు ఆడే నిలబడింది.

"కాటా చెడిందేమో మేడం"
నా మొగం చూసి జాలిపడి మద్దిలేటి
మిరపకాయల బస్తా ఒకటి ఎత్తి పెడతాడు.
చీటీ మీద ఎంతుందో అంతే చూపిస్తుంది, పాపిష్టిది.

మొదట్లో ఎట్ల తగ్గినానో!
రెండు నెల్లకు ఏడు కిలోలు.
రవికలన్నిటికీ జమాల్‌బీ కుట్లు లోపలికి పట్టింది,
"ఇంకా పట్టాల్సొస్తే గుడ్డ మిగలదక్కా" అని నవ్వింది.

తినేదేముంది?
పొద్దున నిమ్మకాయంత సంగటి,
మధ్యాన్నం గరిటెడు కొర్రన్నం, ఆకుకూర,
రాత్రికి మజ్జిగ.
ఉగ్గాని తిరగమోత వాసనొచ్చే సందు తప్పించి
చుట్టు తిరిగి ఇంటికి పోతాను.

థైరాయిడు బాగుందనింది డాక్టరమ్మ.
"ఎవురికీ తెలీకుండా తింటాండారా?"
ఆ మాట ఇంటిదాకా ఎంటబడి వచ్చింది.
రోషమొచ్చి రిజిస్టరు తిరగేసినట్ల రోజంతా తిరగేసినాను.

పాపకు బాక్సు కడతా నోట్లో ఏసుకున్న పిడికెడు బుడ్డలు,
ఊరిబిండిలో ఉప్పు చూసిన వేలు,
పాప వదిలేసిన దోసె అంచు,
మూడో టీలో అడక్కుండానే పడిన చక్కెర.
బిల్లు లేకుండా బండెక్కిన సరుకు!
దొరికినకాడికి దించేసినాను.

అయినా ముల్లు కదల్లేదు.

నైట్ డ్యూటీలో రెండు గంటలప్పుడు
తడిసిన చేపల పెట్టెల నడుమ కూచోని ఉంటే
సుంకులవ్వ గుర్తుకొచ్చింది.

వాన రాని ఏడు. ఇంట్లో తొమ్మిది నోళ్లు.
మొదటి నెల ఎప్పట్లాగే జొన్నలు దంచింది.
రెండో నెల ఒకసారి ఆకాశం చూసింది, ఏమీ అనలేదు.
శేరు పోయి సోల వచ్చింది.
అంబలి పలచబడింది.
ఎగరొద్దండి, దూకొద్దండి అని పిల్లోళ్లను నీడకు పిలిచింది,
ఎద్దులను కట్టుగొయ్యకే కట్టేసింది,
చీకటి పడకముందే దీపమార్పింది.
పాతర మూతకు మట్టి మెత్తి
దాని మీదనే చాప పరుచుకొని పండుకునింది.

ఆ యవ్వే ఇప్పుడు నా ఒంట్లో కూచోనుంది.
నేను ముద్ద తగ్గిస్తే ఆమె దీపం తగ్గిస్తుంది.
ఏడు కిలోలు దించిన బండికి బొగ్గు తక్కువే చాలని
నాకంటే ముందు ఆమెకే తెలుసు.

ఎండాకాలంలో నా ఏళ్లు చల్లగుంటాయి.
బ్రిడ్జి మెట్లెక్కేదాన్ని, లిఫ్టు కాడ నిలబడతాండా,
ఎప్పటినుంచో తెలీదు.
మాట్లాడేటప్పుడు గాల్లో తిరిగే చేతులు
ఒళ్లో పండుకోనున్నాయి.
నిద్రలేని రాత్రులు కూడా ఆమెకు
కరువు కబురే.

మొన్న ఆదివారం తెగించినాను.
రెండు ముద్దలు సంగటి, గిన్నెడు పప్పు, రెండు గుడ్లు.
కిటికీ మూసి తొమ్మిది గంటలు నిద్రబోయినాను.
నిద్రలోనే చెప్పినాను కూడా:
"వాన పడిందవ్వా, మూత తీయ్."

సోమవారం. డెబ్బై తొమ్మిది.
మద్దిలేటి పట్టాల కల్లా చూస్తా నిలబడినాడు.

ఆమె నమ్మలేదు.
ఎన్ని మబ్బులను చూసిన మనిషి,
ఒక్క ఆదివారం తుంపరకు పాతర తెరుస్తుందా?

గాజులేసుకుని
మిరపకాయల బస్తాకు చీటీ కట్టినాను.